ఈక్వేషన్లతో కొండ కట్టాం

పదో తరగతిలో వర్గ బహుపది గ్రాఫ్ చెబుతుంటే పిల్లల చూపులన్నీ కిటికీ వైపే. మా విశాఖ బడి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది మరి. సరే, దాన్నే గీద్దామన్నాను.

ఈక్వేషన్ ఇస్తే గ్రాఫ్ గీసిపెట్టే డెస్మోస్ యాప్‌లో అలలకి సైన్ కర్వ్, డాల్ఫిన్స్ నోస్ కొండకి వై = 4 − ఎక్స్ స్క్వేర్. తీరా చూస్తే కొండ రెండు కాళ్లూ నీళ్లలోంచి తెర అడుగుదాకా సాగిపోయాయి. పిల్లలు డీలా పడ్డారు.

ఈక్వేషన్ పక్కన ఫ్లవర్ బ్రాకెట్లలో ఎక్స్‌కి −2 నుంచి 2 వరకు హద్దు పెట్టించాను. కొండ ఒడ్డున కూర్చుంది! 2 దగ్గరే ఎందుకని అడిగితే, వెనక బెంచీ అమ్మాయి “అక్కడ వై సున్నా అయిపోతుంది సార్” అంది. బహుపది శూన్యాలంటే వారంగా నేను చెబుతున్నది అదే.

ఇప్పుడు కొండ మీద లైట్‌హౌస్ నిలబెట్టారు: ఎక్స్ = 1, వై 3 నుంచి 5 వరకు.