ఒకే భవనంలో పలు స్వచ్ఛంద సంస్థలు: పిల్లలకూ కుటుంబాలకూ ఉమ్మడి సేవా కేంద్రం ఏర్పాటు చేసుకునే విధానం

ఎదుగుదల ఆలస్యమైన బిడ్డను వెంటబెట్టుకొని జిల్లా కేంద్రానికి వచ్చే తల్లి ఫిజియోథెరపీ కోసం ఒక కాలనీకి, మాటల శిక్షణ కోసం మరో కాలనీకి, సదరం (వైకల్య) ధ్రువపత్రం గురించి అడగడానికి ప్రభుత్వాసుపత్రికి, ఇంట్లో భర్త పెట్టే హింస గురించి చెప్పుకోవడానికి ఇంకో సంస్థ కార్యాలయానికి తిరగవలసి వస్తుంది. తిరిగిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది, చెప్పిన కథే మళ్లీ మొదటినుంచి చెప్పవలసి వస్తుంది. ఈ సేవలు అందించే సంస్థలు ఒకే భవనంలోకి చేరితే అద్దె ఎంత మిగులుతుందన్నది రెండో లెక్క. ఆ తల్లికి ఎన్ని ప్రయాణాలు తగ్గుతాయన్నది మొదటి లెక్క. ఈ వరుస తారుమారైతే మిగిలేది కార్యాలయాల సముదాయమే తప్ప సేవా కేంద్రం కాదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో 1985లో, ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యవిక్‌లో 1998లో మొదలైన బాలల కేంద్రాలు, లైంగిక హింసకు గురైన బిడ్డ పోలీసులకూ వైద్యులకూ న్యాయవాదులకూ విడివిడిగా అదే విషయాన్ని పదే పదే చెప్పవలసిన బాధ తప్పించడానికే ఏర్పడ్డాయి. హైదరాబాద్‌లో 2016లో పోలీసు శాఖ ప్రారంభించిన భరోసా కేంద్రం, హింసకు గురైన స్త్రీల కోసం 2015 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకంగా నడుస్తున్న సఖి కేంద్రాలు అదే బాటలోనివి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లోనూ పలువురు నిపుణులు ఒకే చోట పిల్లలను పరీక్షిస్తారు. అయితే ఇవన్నీ ప్రభుత్వ నిధులతోనో, ఒకే యాజమాన్యం కిందనో నడిచేవి. వేర్వేరు పాలకవర్గాలు, వేర్వేరు దాతలు, వేర్వేరు ఆడిటర్లు ఉన్న స్వచ్ఛంద సంస్థలు అదే పని చేయబూనుకున్నప్పుడు ఎదురయ్యే చిక్కులు వేరు. ఈ వ్యాసం వాటి గురించే.

భవనం వెతకడానికి ముందు

చేరదలచిన సంస్థలు తమ తమ రిజిస్టర్లు తీసి, గడచిన ఏడాదిలో తమ వద్దకు వచ్చిన కుటుంబాల్లో ఎన్ని మరో సంస్థకు కూడా వెళ్లాయో లెక్క కట్టాలి. పేర్లు బయటపెట్టకుండా, గ్రామం, బిడ్డ వయసు, ఫోన్ నంబరు చివరి అంకెలు పోల్చుకుంటే ఈ లెక్క ఇంచుమించుగా తేలుతుంది. అలా రెండు చోట్లకూ వెళ్లే కుటుంబాలు బొత్తిగా లేకపోతే భవనం పంచుకోవడం అనవసరం. నెలకొకసారి కలిసి కూర్చుంటే చాలు. గణనీయంగా ఉంటే, ఆ కుటుంబాలు దేనికోసం వస్తున్నాయో చూసి, ఏ సేవ లోపించిందో గుర్తించి, ఆ సేవ అందించే సంస్థనే మూడో భాగస్వామిగా పిలవాలి. స్నేహాన్ని బట్టి పిలిస్తే ఒకే పని చేసే రెండు సంస్థలు ఒకే చోట చేరి, దాతల విషయంలో పోటీ పడే ప్రమాదముంది. మొదట మూడు నాలుగు సంస్థలకు మించకపోవడం మేలని నా అభిప్రాయం.

స్థలం విషయంలో రెండే నియమాలు. ఆర్టీసీ బస్టాండుకో ప్రభుత్వాసుపత్రికో నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. పిల్లలు వచ్చే సేవలన్నీ కింది అంతస్తులోనే ఉండాలి. లిఫ్టు ఉంది కదా అని చికిత్స గదులను రెండో అంతస్తుకు ఎక్కిస్తే, కరెంటు పోయిన రోజున చక్రాల కుర్చీలో వచ్చిన బిడ్డ కిందే ఆగిపోతుంది. ర్యాంపు అడుగు ఎత్తుకు కనీసం పన్నెండడుగుల పొడవు ఉండాలి. అంతకంటే నిటారుగా కడితే అది ఫొటోకు తప్ప ఉపయోగానికి రాదు.

లీజు ఎవరి పేరు మీద

దీనికి మూడు దారులున్నాయి. ఒక్కొక్క సంస్థ యజమానితో విడిగా లీజు రాసుకోవచ్చు. అందరూ కలిసి కొత్త సొసైటీనో ట్రస్టునో స్థాపించి దాని పేరు మీద తీసుకోవచ్చు. లేదా ఒక సంస్థ లీజుదారుగా ఉండి మిగతా సంస్థలకు వినియోగ హక్కు మాత్రమే ఇవ్వవచ్చు. మొదటి పద్ధతిలో వరండా, మరుగుదొడ్లు, పిల్లల ఆటస్థలం వంటి ఉమ్మడి జాగాకు ఎవరూ బాధ్యులు కారు. రెండోది వినడానికి ఉదాత్తంగా ఉంటుంది గాని కొత్త సంస్థకు మళ్లీ రిజిస్ట్రేషన్, పాన్, ఆదాయపు పన్ను మినహాయింపు, ఏటేటా రిటర్నులు కావాలి; కలిసి పనిచేయగలమో లేదో తెలియకముందే ఇంత బరువు ఎత్తుకోవడం తొందరపాటు. మొదటి రెండు మూడేళ్లకు మూడో పద్ధతినే ఎంచుకొని, కుదిరాక కావాలంటే సొసైటీ గురించి ఆలోచించవచ్చు. పదకొండు నెలలకొకసారి తిరగరాసే అద్దె కాగితాన్ని నమ్ముకొని ర్యాంపులు, శబ్దం బయటికి పోని గదులు కట్టించకూడదు. కనీసం ఐదేళ్ల లీజు రాయించి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. ఇతర సంస్థలకు చోటు ఇచ్చే హక్కు లీజుదారుకు ఉందని ఆ పత్రంలోనే స్పష్టంగా రాయించడం మరచిపోకూడదు.

లీజుదారు సంస్థను ఎంచుకునేటప్పుడు అందరికంటే పెద్దదాన్ని ముందుకు తోయడం మామూలే, కాని ఆ పెద్ద సంస్థ విదేశీ విరాళాల మీద నడిచేదైతే ఒకసారి ఆగి ఆలోచించాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరే సంస్థకూ, దానికి కూడా అదే చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, బదలాయించకూడదు. విదేశీ నిధులతో మొత్తం అద్దె కట్టి, మిగతా సంస్థలను ఉచితంగానో నామమాత్రపు వాటాతోనో ఉండనిస్తే అది బదలాయింపు కిందకు వస్తుందేమోనన్న ప్రశ్న తలెత్తుతుంది. ఆ ప్రశ్న తనిఖీ అధికారి అడగకముందే చార్టర్డ్ అకౌంటెంటును మనమే అడగాలి. అదే సవరణ పరిపాలనా వ్యయాల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. భవనం అద్దె, మరమ్మతులు, కరెంటు ఖర్చు నిబంధనల్లో పరిపాలనా వ్యయాలుగానే లెక్కకు వస్తాయి కనుక, అద్దె పంచుకోవడం అటువంటి సంస్థలకు నిజంగానే ఊరట. ఎవరి వాటా వారు తమ ఖాతానుంచే, తమ పేరిట రసీదుతోనే చెల్లిస్తేనే ఆ ఊరట నిలుస్తుంది.

లీజుదారు సంస్థ ఇతరులనుంచి వసూలు చేసే వాటా కూడా సేవకు ప్రతిఫలంగానే పరిగణనకు రావచ్చు. ఏడాదికి 20 లక్షల రూపాయల జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితిని లెక్కించేటప్పుడు ఈ మొత్తాన్ని కలపాలో వద్దో ఆడిటరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని యజమాని నుంచి రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ వాణిజ్య భవనాన్ని అద్దెకు తీసుకుంటే పన్ను కట్టే బాధ్యత అద్దెదారుమీదే పడుతున్న సంగతి కూడా ముందే బడ్జెట్‌లో వేసుకోవాలి.

ఖర్చు పంచుకునే లెక్క

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. మూడు వేల చదరపు అడుగుల భవనానికి నెలకు 60,000 రూపాయల అద్దె. అందులో వెయ్యి చదరపు అడుగులు రిసెప్షన్, ఆటగది, వంటగది, మరుగుదొడ్లు వంటి ఉమ్మడి జాగా. మిగిలినదాంట్లో మూడు సంస్థలు వరుసగా 1,000, 600, 400 చదరపు అడుగులు వాడుకుంటాయి. సొంత గదుల నిష్పత్తిలోనే మొత్తం అద్దెను పంచితే వాటాలు 30,000, 18,000, 12,000 రూపాయలవుతాయి. అలా కాకుండా, ఉమ్మడి జాగాకు పడే 20,000 రూపాయలను వచ్చేవారి సంఖ్యను బట్టి పంచాలని ఎవరైనా అంటారు. ఆటగదిని ఎక్కువ వాడేవారే ఎక్కువ కట్టడం న్యాయం కదా అని వాదన. వచ్చేవారిలో సగం మంది చిన్న సంస్థవారు, 30 శాతం మొదటి సంస్థవారు, 20 శాతం రెండో సంస్థవారు అనుకుంటే వాటాలు 26,000, 16,000, 18,000 రూపాయలకు మారతాయి. అంటే ఎక్కువ కుటుంబాలను ఆదుకుంటున్న చిన్న సంస్థ మీద నెలకు ఆరు వేలు అదనంగా పడతాయి, సేవ పెరిగినకొద్దీ జరిమానా పెరుగుతుంది. ఈ పద్ధతి వద్దని నా గట్టి సలహా. అద్దె విస్తీర్ణాన్ని బట్టి, కరెంటు సబ్ మీటరును బట్టి, వాచ్‌మన్, పారిశుద్ధ్యం, రిసెప్షన్ సిబ్బంది జీతాలు సమానంగా పంచుకోవచ్చు.

వీటితోపాటు రెండు నెలల మొత్తం ఖర్చుకు సరిపడా నిధిని మొదటి ఏడాదిలోనే కూడబెట్టాలి. ఒక సంస్థ గ్రాంటు ఆగిపోయి అర్ధాంతరంగా ఖాళీ చేస్తే, ఆ గదుల అద్దె కొత్తవారు వచ్చేవరకు ఎవరు భరించాలన్న తగాదా అప్పుడు మొదలు కాకుండా ఉంటుంది.

పిల్లల భద్రత, గోప్యత

ఉమ్మడి భవనానికి ఉన్న సుగుణమే దాని ప్రమాదం కూడా: అందరూ అందరికీ కనిపిస్తారు. గుమ్మం మీది బోర్డు తటస్థంగా, ఏదో ఒక పేరుతో ఉండాలి. హింసకు గురైన పిల్లల కేంద్రమని రాసిపెడితే లోపలికి అడుగుపెట్టిన ప్రతి బిడ్డ గుర్తింపునూ వీధిలో వెల్లడి చేసినట్టే. కౌన్సెలింగ్ గదికి వెనకనుంచి వేరే ద్వారం ఉండటం, నిందితుడి తరఫు బంధువులూ బిడ్డా ఒకే బల్ల మీద ఎదురుచూడవలసిన పరిస్థితి రాకుండా సమయాలు కేటాయించడం, సీసీ కెమెరాలను వరండాలకూ ప్రవేశద్వారాలకూ పరిమితం చేసి కౌన్సెలింగ్ గదుల్లో పెట్టకపోవడం తప్పనిసరి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్ద గాని, బిడ్డ కోరుకున్న చోట గాని తీసుకోవచ్చు, ఆ సమయంలో పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. కనుక అటువంటి గది ఒకటి సిద్ధంగా ఉంచితే అది ఆ భవనం చేయగల అతి ముఖ్యమైన సేవల్లో ఒకటవుతుంది.

పుట్టినరోజు కేకు కోయడానికో అన్నదానం చేయడానికో వచ్చే దాతల ఫోన్లను రిసెప్షన్‌లోనే పెట్టించాలి. వారి మంచి మనసును తప్పుపట్టనక్కరలేదు గాని, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు తెలిసేలా ఫొటోలు ప్రచురించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధిస్తోంది. ఒక సంస్థ దాత తీసిన ఫొటోలో మరో సంస్థకు వచ్చిన బిడ్డ పడితే ఇద్దరికీ చిక్కే.

ఇక వివరాల సేకరణ. అన్ని సంస్థలకూ కలిపి ఒకే నమోదు పత్రం పెట్టి, అందులో బిడ్డ పేరు, వయసు, ఊరు, వచ్చిన పని మాత్రమే రాయాలి. అసలు కేసు వివరాలు ఆ సేవ అందించే సంస్థ బీరువాలోనే ఉండాలి. మరో సంస్థకు ఏ విషయం చెప్పవచ్చో తల్లిదండ్రులను అడిగి, వారికి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతిని కోరుతుంది. వారానికొకసారి జరిగే కేసుల సమావేశంలో సమ్మతి ఉన్న కుటుంబాల గురించి మాత్రమే మాట్లాడుకోవాలి, వాట్సాప్ గ్రూపులో ఎవరి గురించీ మాట్లాడుకోకూడదు. గోప్యతకు ఒక హద్దు ఉంది: లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చునన్న భయం ఉన్నా పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం కింద ప్రతి వ్యక్తికీ బాధ్యత, తెలియజేయకపోవడం నేరం. అది మా సంస్థ కేసు కాదు, పక్క గది వారిదని అనడానికి వీల్లేదు. పిల్లల సహాయవాణి 1098, మహిళల సహాయవాణి 181 నంబర్లు ప్రతి గదిలోనూ కనిపించేలా రాసి ఉంచాలి.

సిబ్బంది విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీని తప్పనిసరి చేసింది. ఆరుగురు, ఎనిమిదిమంది, ఐదుగురు పనిచేసే మూడు సంస్థలు తమకెవరికీ అది వర్తించదని ఊరుకోవచ్చు. కాని ఒక సంస్థ ఉద్యోగిని మరో సంస్థ ఉద్యోగి వేధిస్తే ఆమె ఎక్కడికి వెళ్లాలి? చిన్న సంస్థల ఫిర్యాదులను జిల్లా స్థాయి స్థానిక కమిటీ స్వీకరిస్తుంది. ఆ కమిటీ చిరునామా గోడ మీద ఉండాలి, విచారణకు అన్ని సంస్థలూ సహకరిస్తాయని ఒప్పందంలో ఉండాలి. పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరి పూర్వాపరాలను, వాచ్‌మన్‌తో సహా, పోలీసుల ద్వారా ధ్రువీకరించుకోవడం అందరికీ ఒకే నియమంగా ఉండాలి. పిల్లలు రాత్రి బస చేసే వసతి గృహాన్ని మాత్రం ఈ భవనంలో కలపవద్దు. దానికి బాలల న్యాయ చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్, వేరే ప్రమాణాలు ఉన్నాయి.

రోజువారీ నడక

ఉదయం పదింటికి తెరిచి సాయంత్రం ఐదింటికి మూసే కేంద్రం కూలికి వెళ్లే కుటుంబానికి పనికిరాదు. వారంలో రెండు సాయంత్రాలు, ఆదివారం పూట కొంతసేపు తెరచి ఉంచి, బదులుగా సిబ్బందికి మరో రోజు సెలవివ్వాలి. ఒకే బిడ్డకు కావలసిన ఫిజియోథెరపీ, మాటల శిక్షణ, కౌన్సెలింగ్ ఒకే రోజున పడేలా మూడు సంస్థలు కలిసి పట్టిక వేసుకోవాలి. ఈ ఒక్క పని చేయకపోతే భవనం ఒకటైనా తల్లికి ప్రయాణాలు మూడే. పంపించవలసిన చోటికి చీటీ రాసివ్వడం కంటే, రిసెప్షన్‌లోని వ్యక్తి స్వయంగా ఆ గదిదాకా తీసుకెళ్లి పరిచయం చేయడం మేలు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి నెలకొకసారి న్యాయవాదిని పిలిపించవచ్చు; 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంతోనూ అంగన్‌వాడీ సూపర్‌వైజర్లతోనూ సంబంధం పెట్టుకుంటే, పిల్లలు ఆలస్యం కాకముందే వస్తారు.

ఒప్పందాన్ని ఏడాదికొకసారి సమీక్షించాలి, వైదొలగే సంస్థ మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. వెళ్లిపోయే సంస్థ తన కేసు ఫైళ్లను తనతో తీసుకెళ్లవచ్చు గాని, ఆ సేవ పొందుతున్న ప్రతి కుటుంబానికీ కొత్త చిరునామా చెప్పి, అక్కడికి వెళ్లలేని వారిని మరో సంస్థకు అప్పగించి, ఆ జాబితా మీద రెండు సంస్థలూ సంతకాలు చేసిన తరువాతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో రాసుకోవాలి.