ఒకే కథ, రెండు భాషలు – మూడో పాఠం: ఏడు చేపలతో ఒక వారం

గత పాఠంలో వయసుకు తగిన బొమ్మల పుస్తకాన్ని ఎంచుకోవడం నేర్చుకున్నాం. ఈసారి పుస్తకం కొనే పని లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఇంగ్లీషు వింటున్న మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు, వాళ్లకు ముందే తెలిసిన కథనే రెండో భాషలోకి ఎలా నడిపించాలో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. పిల్లలకు కథలు చదవడం మొదలుపెట్టిన కొత్తలో ఇంగ్లీషు వాక్యం ఒకటి చదివి, వెంటనే దాని తెలుగు చెప్పి, మళ్లీ ఇంగ్లీషు వాక్యానికి వెళ్లేదాన్ని. ఒక నాలుగేళ్ల పిల్లవాడు ఇంగ్లీషు వాక్యం వస్తున్నంతసేపూ కిటికీ బయట కాకిని చూస్తూ, తెలుగు మాట మొదలుకాగానే ఇటు తిరిగేవాడు. వాడి తప్పేమీ లేదు. అర్థమయ్యే మాట కాసేపట్లో ఎలాగూ వస్తుందని తెలిసినప్పుడు, అర్థం కాని మాటతో ఎవరు కుస్తీ పడతారు? అందుకే ఈ పాఠానికంతటికీ ఆధారమైన నియమం ఒక్కటే: ఒకసారి కూర్చుంటే ఒకే భాష. చెప్పే మాట అందకపోతే బొమ్మ చూపండి, చేతులతో అభినయించండి, గొంతు మార్చండి, అంతేకాని అనువాదం చేయవద్దు. ఈ నియమం మీకే గాని పిల్లలకు కాదు. వాళ్లు ఏ భాషలో జవాబు చెప్పినా, రెండూ కలిపి చెప్పినా తీసుకోవాలి.

ఏడు చేపల కథనే ఎందుకు ఎంచుకున్నానంటే, అందులో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. చేప గడ్డివాము మీద, గడ్డివాము ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లవాడి మీద, పిల్లవాడు చీమ మీద నెపం పెడతారు. మీ ఇంట్లో చెప్పుకునే కథలో పాలేరు బదులు గొల్లవాడు ఉంటే గొల్లవాడినే ఉంచండి. పిల్లలు విన్న వరుసను మార్చకూడదు.

రెండు ఏ4 కాగితాలను మధ్యకు మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, మడత మీద రెండు పిన్నులు కొడితే ఎనిమిది పుటల పుస్తకం తయారవుతుంది. అట్ట మీద రాజకుమారులు, లోపల వరుసగా చేప, గడ్డివాము, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లవాడు, చివరి పుటలో చీమ. బొమ్మలు పిల్లలే వేయాలి. అక్షరం ఒక్కటి కూడా రాయవద్దు, ఎందుకంటే అక్షరాలు లేని పుస్తకం ఏ భాషలోనైనా చదువుకోవచ్చు.

మొదటి మూడు రోజులు తెలుగే. మొదటి రోజు కథ పూర్తిగా చెప్పండి. రెండో రోజు “చేపా చేపా, ఎందుకు ఎండలేదు?” అని అడిగి ఆగిపోండి. మనసులో నెమ్మదిగా అయిదు లెక్కపెట్టేదాకా నోరు మెదపవద్దు; పెద్దవాళ్లకు ఇది పాఠంలోకెల్లా కష్టమైన భాగం. మూడో రోజు పుస్తకం పిల్లల చేతికిచ్చి, వాళ్లను అడగనిచ్చి, జవాబులు మీరు చెప్పండి.

నాలుగు, అయిదు రోజులు ఇంగ్లీషు. “ఫిష్, ఫిష్, వై డిడ్‌న్ట్ యు డ్రై?” అనగానే పిల్లలకు కథ తెలుసు, తరువాత ఎవరు వస్తారో తెలుసు, కొత్తవి మాటలు మాత్రమే. మొదటి భాషలో గట్టిపడిన అవగాహన రెండో భాషకు పనికొస్తుందని ద్విభాషా విద్య పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పేది ఇదే. మీ ఉచ్చారణ గురించి దిగులు పడకండి. ఇంగ్లీషు అసలే రాని తల్లిదండ్రులు తెలుగు భాగం ఒక్కటే చక్కగా చేసినా సగం పని అయినట్టే; ‘ఎందుకు’ అని అడిగి కారణం వెదకడం నేర్చిన బిడ్డకు బడిలో ‘వై’ అన్న మాట పరాయిదిగా తోచదు.

రెండు భాషలూ దారి విడిపోయే చోట్లే ఈ కథలో నాకు ఎక్కువ ఇష్టం. తెలుగులో కొడుకులు ఏడుగురు, చేపలు ఏడు. ఇంగ్లీషులో రెండింటికీ ‘సెవెన్’ ఒక్కటే. బడిలో ఇంగ్లీషు ఎక్కువగా వినే పిల్లలు కొందరు ‘ఏడు కొడుకులు’ అనడం మీరు గమనించే ఉంటారు. తప్పని చెప్పకుండా, “అవును, ఏడుగురు కొడుకులు” అని సరైన రూపాన్ని మాటల్లో కలిపి ముందుకు సాగండి. అలాగే మనకు చీమా కుడుతుంది, దర్జీ కూడా కుడతాడు. ఇంగ్లీషు చీమ మాత్రం ‘బైట్’ చేస్తుంది, అంటే కొరుకుతుంది. ఒక పాప ఇది విని, “అయితే ఇంగ్లీషు చీమకి సూది లేదా?” అని అడిగింది. అయిదేళ్ల బిడ్డ రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూసుకుంటోందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అచ్చయిన ద్విభాషా పుస్తకం ఇంట్లో ఉంటే, ఎదుటి భాషను అట్టముక్కతో మూసి చదవండి. 2020-21 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అన్నలూ అక్కలూ తెచ్చుకున్న అలాంటి పుస్తకాలకూ ఈ అట్టముక్క పద్ధతే వర్తిస్తుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఒకే బొమ్మల కథను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విడివిడిగా ఉచితంగా దించుకునే వీలుంది కనుక, అక్కడ మూసే అవసరం కూడా ఉండదు.

ఆరో రోజు మీరు ఏ భాషా ఎంచుకోవద్దు. పుస్తకం పిల్లల చేతికిచ్చి, తాతయ్యకో అమ్మమ్మకో కథ చెప్పమనండి. వాళ్లు అన్న మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, “యాంటూ యాంటూ, ఎందుకు కుట్టావు?” లాంటివి దిద్దకుండా, ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. నాలుగో పాఠంలో ఆ వాక్యాలతోనే పని ఉంది.