మొదటి లెసన్ ప్లాన్ డిలీట్ చేయొద్దు

ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లో (అంటే పాఠాలు, కోర్సులు పద్ధతిగా రూపొందించే చదువు) మాస్టర్స్ చేస్తున్నవాళ్లకి ఒక మాట. మీ మొట్టమొదటి లెసన్ ప్లాన్ ఎంత చెత్తగా ఉన్నా తేదీ వేసి దాచుకోండి, కోర్సు చివర్లో 'నేనెలా ఎదిగాను' అని రాయమన్నప్పుడు బుర్ర గోక్కోనక్కర్లేదు.

నేను తిరుపతిలో ట్యూషన్లు చెప్పుకుంటూ ఆన్‌లైన్‌లో చదివాను. మొదటి సెమిస్టర్‌లో 'పిల్లలు భిన్నాలను అర్థం చేసుకుంటారు' అని రాసి మురిసిపోతే, అర్థమైందో లేదో ఎలా తెలుస్తుందని మేడమ్ ఎర్ర రంగులో అడిగారు. రెండు రోజులు అలిగాను కూడా. నేర్చుకునే లక్ష్యాలను మెట్లుగా విడగొట్టిన బ్లూమ్ 1956 నాటి వర్గీకరణ, 2001లో దాని సవరణ అన్నీ బట్టీ పట్టాను కానీ, ఏడాది తర్వాత పాతది చూడకుండా అదే పాఠం మళ్లీ రాసినప్పుడే తేడా తెలిసింది: 'రెండు దోసెలను ముగ్గురికి సమానంగా పంచి, ఒక్కొక్కరి వాటాను భిన్నంగా రాయగలరు' అని వచ్చింది.

మీరూ అలాగే మళ్లీ రాసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని మూడు లైన్లు రాయండి: ఏం మారింది, ఎవరి మాట వల్ల మారింది, ఇంకా ఏది రావట్లేదు. మూడోది ఎగ్గొట్టొద్దు, అసలు సరుకు అందులోనే ఉంటుంది. నాకైతే టైమ్ అంచనా ఇప్పటికీ రాదు, 40 నిమిషాలకని రాసిన పాఠం గంట దాటుతుంది.

కాగితం మీద రాసేవాళ్లు ఫోన్లో ఫొటో తీసుకున్నా చాలు. నాది మాత్రం సాంబారు మరకతో సహా ఫైల్లో ఉంది.