తిమింగలాల గురించి, చేపల గుంపుల గురించి తెలుగులో రాసేటప్పుడు

పిల్లల కోసం సముద్రజీవుల పాఠం రాయదలచినవారు ముందుగా ఆ జీవి తోకను చూడాలి. మాటను ఎంచుకోవడం ఆ తరువాతి పని. చేప తోక సాధారణంగా నిలువుగా ఉండి కుడిఎడమలకు ఆడుతుంది. తిమింగలం తోక అడ్డంగా పరచుకొని పైకీ కిందికీ ఆడుతుంది. ఈ తేడా పిల్లలకు బొమ్మలోనే కనిపిస్తుంది.

"తిమింగలం చేప" అని రాసే అలవాటు ఊరికే రాలేదు. సంస్కృతంలో తిమి అంటే పెద్ద చేప, దానిని మింగేది తిమింగిలం, దానిని కూడా మింగేది తిమింగిలగిలం. మాటలోనే చేప దాగి ఉంది. అయితే 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన జీవుల వర్గీకరణలో తిమింగలాలను పాలిచ్చే జంతువుల్లో చేర్చాడు కనుక, ఇప్పుడు మనం ఒట్టి "తిమింగలం" అని రాస్తే చాలు.

తిమింగల సొర విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే పేరులో తిమింగలం ఉన్నా అది మొప్పలతో శ్వాసించే చేప, చేపలన్నిటిలోకీ పెద్దది. దాని గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి పిల్లలు బయటికి వస్తాయి కాబట్టి, "గుడ్డు పెడితే చేప, పిల్లను కంటే తిమింగలం" అని పాఠంలో సూత్రంగా రాయకూడదు. ఊపిరితిత్తులు, పాలు, తోక అనే మూడు గుర్తులనే చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి ఈ సొరకు రక్షణ ఉందని కూడా ఒక వాక్యం చేర్చితే మంచిది.

"తిమింగలం తలపై నుంచి నీళ్ళు చిమ్ముతుంది" అనే వాక్యాన్ని తప్పక దిద్దాలి. అది నీటిపైకి వచ్చి, తలమీది ముక్కురంధ్రం తెరిచి, బలంగా ఊపిరి వదులుతుంది. ఆ వెచ్చని ఊపిరిలోని తేమ చల్లగాలి తగిలి తుంపరగా కనబడుతుంది. చలికాలం పొద్దున్నే మన నోటి నుంచి వచ్చే ఆవిరిని పోలికగా చూపితే పిల్లలు వెంటనే గ్రహిస్తారు. పళ్ళున్న తిమింగలాలకు ఆ రంధ్రం ఒకటి, పళ్ళకు బదులు పై దవడ నుంచి కుంచె వంటి పలకలు వేలాడే నీలి తిమింగలం వంటివాటికి రెండు.

ఇక గుంపుల మాటలు. ఒకసారి నేను దిద్దిన పాఠంలో "చేపల బడి" అని ఉంది. ఇంగ్లీషులో చేపల గుంపును స్కూల్ అంటారు, కానీ ఆ మాట గుంపు అనే అర్థమున్న పాత డచ్చి మాట నుంచి వచ్చింది, చదువుల బడికి దానితో సంబంధం లేదు. తెలుగులో గొర్రెలది మంద, మిడతలది దండు, చీమలది బారు. కానాగంత చేపలైనా తిమింగలాలైనా గుంపు అంటే సరిపోతుంది. ఇంగ్లీషు కాఫ్ అనే మాటను చూసి తిమింగలం బిడ్డను "దూడ" అనడం కూడా అనువాదపు పొరపాటే. దూడ ఆవుకూ గేదెకూ, గున్న ఏనుగుకూ, కొదమ సింహానికీ చెల్లుతాయి. తిమింగలానికి "పిల్ల" అనాలి. స్పెర్మ్ తిమింగలాల్లో ఆడవి, పిల్లలు కలిసి తిరుగుతాయి, ఎదిగిన మగవి చల్లని సముద్రాల వైపు వెళతాయి. అటువంటి బంధాన్ని వర్ణించేటప్పుడు మాత్రం "కుటుంబం" అని ధైర్యంగా రాయవచ్చు.