డెల్టా సైకిలిస్టుకు రీయూనియన్ ద్వీపం: ఎత్తును లెక్కగట్టి యాత్ర వేసుకునే విధానం

రావులపాలెంలో తెల్లవారుజామున బయలుదేరి అమలాపురం, ముమ్మిడివరం మీదుగా యానాం చేరి, పొద్దుగూకేలోపు తిరిగి ఇల్లు చేరగల సైకిలిస్టులు మన డెల్టాలో తక్కువేమీ కాదు. అటువంటివారు హిందూ మహాసముద్రంలో ఫ్రాన్సుకు చెందిన రీయూనియన్ ద్వీపం పటాన్ని చూడగానే, విస్తీర్ణం 2,512 చదరపు కిలోమీటర్లే కదా, తీరం చుట్టూ ఉన్న రోడ్డు రెండు వందల కిలోమీటర్లు దాటి ఏ కొంచెమో ఉంటుంది కదా, రెండు రోజుల పని అనుకుంటారు. తీరం వరకు ఆ అంచనా మరీ తప్పు కాదు. కానీ ఆ తీరానికి లోపల 3,071 మీటర్ల పితోన్ దె నేజ్ అనే నిద్రాణమైన అగ్నిపర్వతమూ, 2,632 మీటర్ల పితోన్ ద లా ఫూర్నేజ్ అనే ఇప్పటికీ తరచుగా లావా కక్కే అగ్నిపర్వతమూ పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ చూడదగినదంతా ఆ కొండల మీదే ఉంది కనుక, కిలోమీటర్ల లెక్కను పక్కన పెట్టి మీటర్ల ఎత్తు లెక్కతో యాత్రను వేసుకోవాలి.

ఆ లెక్క ఇలా ఉంటుంది. మనిషి, సైకిలు, సామాను కలిపి 95 కిలోలు అనుకుందాం. ఒక మోస్తరు సైకిలిస్టు గంటల తరబడి నిలకడగా ఇవ్వగల శక్తి 100 నుంచి 120 వాట్లు. ఆ శక్తితో అంత బరువును పైకి ఎక్కిస్తే గంటకు దాదాపు 400 మీటర్ల ఎత్తు మాత్రమే ఎక్కగలం. సముద్రమట్టం నుంచి 1,200 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు సిలావోస్‌కు మూడు గంటలు, 2,200 మీటర్ల మైదో శిఖరానికి అయిదున్నర గంటలు, లావా కక్కే అగ్నిపర్వతం అంచున 2,300 మీటర్లు దాటిన పా ద బెల్‌కోంబ్‌కు దాదాపు ఆరు గంటలు ఎక్కుడే సరిపోతుందని దీన్నిబట్టి తేలుతుంది. దూరం ముప్పై కిలోమీటర్లే అయినా అది పూర్తి రోజు పని.

గేర్ల విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. ముందు 34 పళ్ళ చక్రం, వెనక 34 పళ్ళ చక్రం ఉన్న రోడ్డు సైకిలును నూటికి ఎనిమిది మీటర్ల వాలులో నిమిషానికి అరవై చుట్ల చొప్పున తొక్కాలంటే, గాలినీ రోడ్డు రాపిడినీ వదిలేసినా, 155 వాట్ల పైచిలుకు కావాలి. చదును నేల మీద నలభై కిలోమీటర్ల వేగం అందుకునే కుర్రవాడికైనా సామానుతో అది రెండో గంటకల్లా మోకాళ్ళకు తెలుస్తుంది. అదే ముందు 22, వెనక 34 ఉంటే వంద వాట్లతో సరిపోతుంది. వేగం గంటకు అయిదు కిలోమీటర్లకు పడిపోతుంది, పడిపోనివ్వాలి. అందుచేత ముందు మూడు చక్రాలున్న పాత తరహా టూరింగు సైకిలుగానీ మౌంటెన్ బైకు గేర్లుగానీ తీసుకెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. కార్బన్ ఫ్రేము మీద పెట్టే డబ్బులో నాలుగో వంతు గేర్ల మీద పెడితే ఆ ద్వీపంలో ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఎక్కడం కంటే దిగడం గురించి మనవాళ్ళు తక్కువగా ఆలోచిస్తారు, ఎందుకంటే డెల్టాలో బ్రేకు రబ్బర్లు అరిగి మార్చే అవసరం అరుదుగా వస్తుంది. మైదో నుంచి తీరానికి దిగేటప్పుడు ఆ 95 కిలోల బరువు వదిలే శక్తి ఏడు లీటర్ల మంచినీళ్ళను కుతకుత మరిగించడానికి సరిపోతుంది. దానిలో కొంత గాలి తీసుకుపోయినా, మిగిలినదంతా వేడిగా మారి బ్రేకుల్లోకే వెళ్తుంది. రిమ్ము బ్రేకులున్న సైకిలు మీద లీవరును అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాలి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. డిస్కు బ్రేకులైతే ప్యాడ్లు మాడి పట్టు తప్పుతాయి. మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించుకుని, మలుపులో వదిలేసి, ముందు బ్రేకునూ వెనక బ్రేకునూ మార్చి మార్చి వాడాలి. పది నిమిషాలకొకసారి ఆగి, రిమ్ము మీద నీళ్ళు చిలకరించకుండా, దానంతటదే చల్లారనివ్వాలి. కొత్త ప్యాడ్ల జత ఒకటి సంచిలో ఉండి తీరాలి.

సాధన ఎక్కడ చేయాలన్నది డెల్టావాసికి సహజంగా వచ్చే ప్రశ్న. అంతర్వేది వైపు మధ్యాహ్నం సముద్రపు గాలికి ఎదురు తొక్కితే ఊపిరి పెరుగుతుంది, సందేహం లేదు. కానీ ఎదురుగాలిలో తొక్కడం ఆపినా సైకిలు నాలుగు బారలు ముందుకు వెళ్తుంది, కొండ మీద ఆపిన చోటే ఆగిపోతుంది. ఆ విరామం లేని పని కాళ్ళకు అలవాటు కావాలి. ఎదుర్లంక–యానాం వంతెన ఎక్కుడును పదిసార్లు ఎక్కి దిగినా గేరు మార్చడం అలవాటవుతుందే తప్ప అంతకు మించి ప్రయోజనం ఉండదు. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళి, అక్కడి నుంచి చింతూరు ఘాట్ రోడ్డును సామానుతో సహా రెండు వైపులా తొక్కాలి. తరువాత నర్సీపట్నం నుంచి లంబసింగికి ఎక్కాలి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ ఊరికి డిసెంబరు చివర వెళ్ళి ఒక రాత్రి ఉండి, తెల్లవారగానే చలిలో దిగితే, చేతి తొడుగులు లేకుండా బ్రేకు పట్టుకోవడం ఎంత కష్టమో తెలిసి వస్తుంది. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీలకు పైగా వేడి తగ్గుతుంది కనుక, తీరంలో 24 డిగ్రీలున్న పూట బెల్‌కోంబ్ దగ్గర పది కూడా ఉండకపోవచ్చు.

వెళ్ళే కాలం మే నుంచి నవంబరు లోపు ఉండాలి. దక్షిణార్ధగోళం కనుక అక్కడ అది చలికాలం, పొడి కాలం. డిసెంబరు నుంచి మార్చి వరకు తుపాన్ల కాలం. 1966 జనవరిలో ఆ ద్వీపంలోని ఫోక్ ఫోక్ అనే చోట 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్ల వాన కురిసింది, అది ప్రపంచ రికార్డు. ఏడాది మొత్తం మీద తూర్పు గోదావరి జిల్లాలో కురిసే వాన కంటే అది ఎక్కువ. పొడి కాలంలోనూ ఆగ్నేయ గాలులు వీచే తూర్పు వైపు తడిగానే ఉంటుంది, పడమటి వైపు ఎండగా ఉంటుంది. ఏ కాలంలోనైనా కొండల మీద ఉదయం ఆకాశం తేటగా ఉండి పదీ పదకొండు గంటలకల్లా మబ్బు కమ్ముతుంది కాబట్టి, శిఖరాన్ని ఆ వేళకు ముందే చేరేలా చీకటి ఉండగానే బయలుదేరాలి. ముందూ వెనకా దీపాలు అవసరమయ్యేది ఇందుకే.

తీరం చుట్టు తిరిగేవారు అపసవ్య దిశలో, అంటే ఉత్తర తీరంలోని ముఖ్యపట్టణం సెయింట్ డెనిస్ నుంచి పడమటికి బయలుదేరడం మేలు. అక్కడ వాహనాలు ఫ్రాన్సులో మాదిరి కుడివైపున నడుస్తాయి కాబట్టి సముద్రం మీ పక్కనే ఉంటుంది. ఎదురుగాలి ముఖ్యంగా దక్షిణాన సెయింట్ పియర్ నుంచి సెయింట్ ఫిలిప్ వరకే ఉండి, ఆ తరువాత తూర్పు తీరమంతా వెన్నుగాలి దొరుకుతుంది. పడమట రూట్ దె తామరిన్ అనే వేగమార్గం జోలికి పోకుండా, సెయింట్ లూ మీదుగా వెళ్ళే పాత తీరపు రోడ్డును పట్టుకోవాలి. ఎడమవైపు నడపడం అలవాటైన మనకు అసలు ప్రమాదం నిర్మానుష్యమైన రోడ్డు మీద ఉదయం మొదటి మలుపులో వస్తుంది. హ్యాండిల్ మీద కుడివైపు బాణం గీసిన కాగితం అంటించుకుంటే నవ్వేవాళ్ళు నవ్వుతారు, అయినా అంటించుకోండి.

ద్వీపాన్ని అడ్డంగా దాటే మూడో నంబరు జాతీయ రహదారి ఈ యాత్రకు వెన్నెముక వంటిది. దాన్ని సెయింట్ పియర్ వైపు నుంచి ఎక్కాలి. తూర్పు తీరంలోని సెయింట్ బెన్వా వైపు ఎక్కుడు నిటారుగానూ తడిగానూ ఉంటుంది. ల తాంపోన్ దాటాక రోడ్డు మీది ఊళ్ళను కిలోమీటర్ల సంఖ్యతోనే పిలుస్తారు: పద్నాలుగో కిలోమీటరు, ఇరవై మూడో కిలోమీటరు అని. ఇరవై ఏడో కిలోమీటరు బూర్ మురా. ఊరి బోర్డే ఎంత ఎక్కామో చెబుతుంది కనుక అలసిన మనిషికి ఇంతకంటే మంచి తోడు ఉండదు. పదిహేను వందల మీటర్లకు పైనున్న బూర్ మురాలోనే రాత్రి బస చేయాలి. మర్నాడు సామాను అక్కడే వదిలి, నీళ్ళూ తిండీ మాత్రం కట్టుకుని, అడవి రోడ్డున అగ్నిపర్వతం అంచుకు వెళ్ళాలి. దారిలో దుకాణాలు ఉండవు. పా దె సాబ్ల్ అనే కనుమ దగ్గర రోడ్డు ఒక్కసారిగా కిందికి, నల్లగా ఎర్రగా పరుచుకున్న లావా బూడిద మైదానంలోకి దిగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ దిగినదంతా ఎక్కాలి కనుక కాళ్ళలో కొంత బలం దాచుకోవాలి. అక్కడ రోడ్డు గరుకుగా ఉంటుంది, సన్నటి టైర్లు పనికిరావు.

సెయింట్ లూయీ నుంచి సిలావోస్‌కు వెళ్ళే 37 కిలోమీటర్ల రోడ్డు నాలుగు వందల మలుపుల రోడ్డుగా పేరుపొందింది. దానిలో ఇరుకైన సొరంగాలున్నాయి. ఎదురుగా బస్సు వస్తే పక్కకు తప్పుకునే చోటు ఉండదు కాబట్టి దీపం వేసి, చెవి పెట్టి విని మరీ లోపలికి వెళ్ళాలి. వానల తరువాత రాళ్ళు పడి ఆ దారి మూసేస్తుంటారు. పైనున్న సిలావోస్ ఊరు మసూరు పప్పుకు ప్రసిద్ధి. అన్నం, పప్పు, కూర, ఘాటైన పచ్చడి వంటి రుగాయ్ అక్కడి రోజువారీ భోజనం కనుక గోదావరి జిల్లావాడికి తిండి బెంగ ఉండదు. సెయింట్ ఆంద్రే నుంచి సలాజీ లోయలోకి, ఎల్ బూర్ దాకా ఎక్కుడు సులువే, వాన తప్పదు. మఫాత్ లోయకు అసలు రోడ్డే లేదు; మైదో అంచున సైకిలు ఆనించి చూసి రావడమే.

రీయూనియన్ ఫ్రాన్సులో భాగమే అయినా, ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల షెంజెన్ ప్రాంతంలోకి రాదు కాబట్టి ఐరోపాకు తీసుకున్న వీసా ఉందిలే అని బయలుదేరకూడదు. వీసా ఆ ద్వీపానికి చెల్లుతుందో లేదో ముందుగానే తేల్చుకోవాలి. ఒకప్పుడు యానాం నుంచి కూలీలు ఓడలెక్కి ఆ చెరకు తోటలకు వెళ్ళారు. ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు యానాంలో ఇప్పటికీ ఉన్నాయి కనుక, నాలుగు ఫ్రెంచి మాటలు నేర్చుకోవడానికి దూరం వెళ్ళనక్కరలేదు. సైకిలును పెట్టెలో సర్దేటప్పుడు ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోవాలి, గ్యాసు డబ్బాలను విమానంలోకి తీసుకెళ్ళకూడదు.

తూర్పున సెయింట్ ఫిలిప్, సెయింట్ రోజ్ మధ్య గ్రాన్ బ్రూలే అనే లావా వాలు మీదుగా తీరపు రోడ్డు వెళ్తుంది. 2007 ఏప్రిల్‌లో లావా ఆ రోడ్డును దాటి సముద్రంలో కలిసింది. సాధారణంగా విస్ఫోటనం కొండ పైని గోడల మధ్యే ఉండిపోతుంది, అప్పుడు అంచు దిగి లోపలికి నడిచే దారిని మాత్రమే మూసివేస్తారు. లావా కిందికి జారుతోందని ప్రకటన వస్తే తీరపు రోడ్డును వదిలి, సెయింట్ పియర్‌కు వెనక్కి వెళ్ళి, మూడో నంబరు రహదారి మీదుగా సెయింట్ బెన్వాకు దాటాలి. దీని కోసం తిరుగు విమానానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ దాటుడు ఒక్కటే పదహారు వందల మీటర్ల ఎక్కుడు.