లోకం కూలిపోయాక మిగిలే కథను నాటకంగా ఎలా తయారు చేయాలి?

కరెంటు లేదు, ఫోన్లు లేవు, పుస్తకాలు కాలిపోయాయి. బతికి బయటపడ్డవాళ్లు కొందరు మంట చుట్టూ కూర్చుని, ఒకప్పుడు అందరికీ తెలిసిన కథను గుర్తు చేసుకుంటుంటారు. ఇలాంటి నాటకం వేస్తామంటూ స్క్రిప్టు పట్టుకొచ్చినవాళ్లను చాలామందిని చూశాను. దాదాపు అందరూ ఒకేచోట చెడగొడతారు. అది మూడో మెట్టు. మొదటి రెండూ గబగబా చెప్పేస్తాను.

1. కావలసినవి

ఆరుగురు నటులు, ఖాళీ గది, రికార్డర్. ఆరుగురే ఉండాలి. నలుగురైతే వాదన రాజుకోదు, ఎనిమిదిమందైతే ఇద్దరు గోడకానుకుని కునుకు తీస్తారు. చిరిగిన బట్టలు, మొహాన మసి వద్దే వద్దు.

2. కథ

అందరూ చిన్నప్పుడు విన్నదై ఉండాలి, ఈమధ్య ఎవరూ చదివి ఉండకూడదు. సిండ్రెల్లా చాలు.

3. మరిచిపోవడం

ఇక్కడ తొందరపడకండి. రచయిత ఇంట్లో కూర్చుని "వీళ్లు ఏం మరిచిపోతారు?" అని తనే తేల్చేస్తాడు. రాకుమారుడిని కప్పను చేస్తాడు, గుమ్మడికాయ బదులు విమానం పెడతాడు. ప్రేక్షకులు రెండుసార్లు నవ్వుతారు, మూడోసారి టైం చూసుకుంటారు.

నిజమైన మరుపు అలా ఉండదు. కేంబ్రిడ్జిలో పనిచేసిన మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ కొందరి చేత ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొన్నాళ్లాగి తిరిగి చెప్పించాడు. ఆ వివరాలు 1932లో పుస్తకంగా వచ్చాయి. కథలోని తెడ్ల దోనె మామూలు పడవైపోయింది, సీల్ అనే సముద్ర జంతువు వేట చేపల వేటైంది. అర్థం కాని దెయ్యాల సంగతిని చాలామంది వదిలేశారు, లేదా తమకు తోచినట్టు సర్దుకున్నారు. మనుషులు కథను వింతగా మార్చరు. తమకు అలవాటైన దానివైపు లాక్కుంటారు.

అందుకే ఫోన్లన్నీ గది బయట పెట్టించి, ఒకరిని కథ మొదలుపెట్టమనండి. మిగతావాళ్లు అడ్డుపడాలి. మా రిహార్సల్‌లో అరగంట సేపు చెప్పు ఎడమ కాలిదా, కుడి కాలిదా అన్న గొడవే. అంతలో మూల కూర్చున్న ఆవిడ, "పన్నెండు కొట్టగానే అన్నీ మాయమైతే, చెప్పొక్కటే ఎందుకు మిగిలింది?" అంది. ఎవరూ నోరు మెదపలేదు. కాసేపటికి ఒకతను, "అది మాయ చెప్పు కాదేమో. వాళ్లమ్మదేమో" అన్నాడు. మేం చిన్నప్పుడు విన్న కథలో అది లేదు. అయినా అందరూ తలూపారు, మర్నాటికి అదే కథైపోయింది. నేనొక్కడినే బల్ల ముందు కూర్చుని ఉంటే నెల రోజులైనా నాకది తట్టేది కాదు.

మీకు అసలు కథ తెలిసినా సరే, నోరు విప్పకండి. "కాదండీ, అక్కడ..." అని మీరొక్కసారి అన్నారంటే ఆ రోజు పని పోయినట్టే, అందరూ మీ మొహం చూడ్డం మొదలుపెడతారు. వారం తర్వాత రికార్డింగ్ వినిపించకుండానే మళ్లీ చెప్పించండి. రెండుసార్లూ ఒకేలా వచ్చింది వెన్నెముక. తేడాగా వచ్చిన చోటే మీ నాటకం ఉంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. అమెరికన్ రచయిత్రి యాన్ వాష్‌బర్న్ రాసిన ఇలాంటి నాటకమే 'మిస్టర్ బర్న్స్', 2012లో వాషింగ్టన్‌లో తొలిసారి ఆడింది. అంతకు కొన్నేళ్ల ముందే ఆమె నటుల చేత ఒక టీవీ కార్టూన్ ఎపిసోడ్‌ను జ్ఞాపకం మీదే చెప్పించింది. మొదటి అంకం చాలావరకు ఆ మాటల్లోంచే పుట్టింది.

4. కాలాన్ని దూకించడం

'మిస్టర్ బర్న్స్'లో రెండో అంకం ఏడేళ్ల తర్వాత, మూడోది ఇంకో 75 ఏళ్లకు జరుగుతాయి. మీరూ కనీసం ఒక తరం దాటించండి. అయితే ప్రతి మార్పుకీ ఒక అవసరం ఉండాలి. గడియారమే లేని లోకంలో పన్నెండు గంటలంటే ఎవరికి తెలుస్తుంది? మేం దాన్ని "దీపంలో నూనె అయిపోయేలోపు" అని మార్చాం. నూనె కొరత తెలిసిన మనుషులకు ఆ భయం చెప్పకుండానే అర్థమవుతుంది.

ఏది మిగలాలో తేలకపోతే ఇంగ్లండు చరిత్ర చూడండి. అంతర్యుద్ధం మొదలైన 1642లో అక్కడ నాటకాలను నిషేధించారు. 1660 దాకా నటులు దొంగచాటుగా చిన్న చిన్న హాస్య ముక్కలు ఆడుకున్నారు. షేక్‌స్పియర్ నాటకం 'హామ్లెట్' నుంచి అలా ముక్కగా మిగిలింది సమాధి తవ్వేవాళ్ల హాస్యం. తండ్రి దెయ్యమూ, పగా అందులో లేవు. నలుగురైదుగురితో ఆడగలిగేది, జనం నవ్వేది మిగులుతుంది. గొప్పదే మిగులుతుందనుకునే స్క్రిప్టులంటే నాకు చిరాకు.

5. ప్రదర్శన

గంటన్నర దాటించకండి. చివరి అంకంలో "ఒకప్పుడు దీన్ని సిండ్రెల్లా అనేవారట" అని చెప్పే ముసలి పాత్ర ఉంటే కొట్టేయండి. గాజు చెప్పు కూడా చేయించొద్దు. ఎవరి కాలికీ సరిపోని పాత బూటు ఒకటి చాలు.