సైన్స్ మిత్రులు చెదిరిపోకుండా, దొంగ అకౌంట్లకు మీరు చిక్కకుండా

ట్విట్టర్‌లో (ఇప్పటి పేరు ఎక్స్) మీ సబ్జెక్టు వాళ్లను ఏళ్ల తరబడి ఏరి ఏరి ఫాలో అయ్యుంటారు. 2022 అక్టోబర్‌లో ఆ కంపెనీ ఎలాన్ మస్క్ చేతికి వెళ్లాక వాళ్లలో కొందరు అలాంటివే అయిన మాస్టోడాన్‌కి, ఇంకొందరు బ్లూస్కైకి వెళ్లారు, కొందరైతే అసలు మాట్లాడటమే మానేశారు. ఇల్లు అద్దెది, సామాను మాత్రం మనది. ఓనరు మారినప్పుడల్లా సామాను పోకుండా ఏం చేయాలో చెప్తాను.

ముందు మీ ట్విట్టర్ ఆర్కైవ్, అంటే మీ అకౌంట్ సమాచారం కాపీ, దించుకోండి. సెట్టింగ్స్‌లో అడిగితే జిప్ ఫైలు వస్తుంది, ఒక రోజో ఇంకా ఎక్కువో పడుతుంది. తీరా తెరిస్తే మీరు రాసినవన్నీ ఉంటాయి కానీ, ఫాలో అయ్యే వాళ్ల పేర్లుండవు, అంకెల ఐడీలే ఉంటాయి! వాళ్లు అకౌంట్ మూసేశాక ఆ అంకెలు పెట్టుకుని మనం చేసేదేమీ లేదు. అందుకే ఒక ఆదివారం కూర్చుని, పోగొట్టుకుంటే నిజంగా బాధపడే ఓ నలభై మంది పేర్లు ఎక్సెల్ షీటులో రాసుకోండి: పేరు, ల్యాబ్ పేజీ, ఆర్కిడ్ (ORCID, పరిశోధకులకిచ్చే గుర్తింపు) నంబరు, ఇప్పుడు ఎక్కడ రాస్తున్నారు. విసుగు పనే, నాకు తెలుసు.

మాస్టోడాన్‌లో ఈ బాధ తక్కువ. అది ఒక్క కంపెనీది కాదు, వేర్వేరు వాళ్లు నడిపే సర్వర్లు కలిసిన గుంపు. ఫాలో అయ్యే వాళ్ల జాబితా సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) వచ్చేస్తుంది, ఇంకో సర్వర్‌కి మారితే ఫాలోవర్లు కూడా వెంట వస్తారు. పాత పోస్టులు మాత్రం రావు. పైగా చిన్న సర్వర్లను చాలావరకు ఒకరిద్దరు సొంత ఖర్చుతో నడుపుతారు, వాళ్లకి ఓపిక అయిపోతే సర్వర్ మూతబడుతుంది, కాబట్టి ఆ సీఎస్‌వీ నెలకోసారి దించుకోండి. బ్లూస్కైలో అయితే స్టార్టర్ ప్యాక్ అని ఉంటుంది, మీ సబ్జెక్టులో 150 మంది వరకూ ఒకచోట చేర్చి లింకు ఇవ్వొచ్చు. కొత్తగా పీహెచ్‌డీలో చేరిన పిల్లలకి అంతకంటే మంచి కానుక లేదు.

ఇక ఎవరు అసలు, ఎవరు నకిలీ. ట్విట్టర్ నీలి టిక్కును మర్చిపోండి. 2022 నవంబర్‌లో నెలకి 8 డాలర్లు కడితే టిక్కు ఇవ్వడం మొదలెట్టగానే, ఎవరో ఎలి లిల్లీ మందుల కంపెనీ పేరుతో అకౌంట్ తెరిచి ఇన్సులిన్ ఇక ఉచితం అని రాసేశారు, అసలు కంపెనీ బయటికొచ్చి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో పాత ఉచిత టిక్కులు కూడా తీసేశారు. టిక్కు ఉందంటే చాలావరకు డబ్బు కట్టారనే అర్థం.

నేను చూసేది ఒక్కటే: లింకు రెండు వైపులా ఉందా? ప్రొఫైల్‌లో యూనివర్సిటీ పేజీ లింకు ఎవరైనా పెట్టుకోవచ్చు, ఆ పేజీ తిరిగి ఈ అకౌంట్‌నే చూపిస్తే అప్పుడు నమ్మాలి. మాస్టోడాన్ ఈ పని తనే చేస్తుంది. మీ సొంత పేజీలో మాస్టోడాన్ ప్రొఫైల్ లింకుకి ‘రెల్ ఈక్వల్స్ మీ’ (rel="me") అనే చిన్న కోడ్ ముక్క తగిలిస్తే, ప్రొఫైల్‌లో ఆ పేజీ లింకు ఆకుపచ్చగా మారుతుంది. బ్లూస్కైలో సొంత డొమైన్‌నే (వెబ్‌సైట్ చిరునామా) హ్యాండిల్‌గా, అంటే అకౌంట్ పేరుగా, పెట్టుకోవచ్చు, సెట్టింగ్స్‌లో అది ఇచ్చే లైన్‌ని డొమైన్ డీఎన్ఎస్‌లో (ఆ చిరునామా సెట్టింగ్స్) టెక్స్ట్ రికార్డుగా అతికిస్తే అయిపోతుంది. టైటిల్‌లో డాక్టర్ అని ఎవరైనా రాసుకుంటారు, డొమైన్ తాళం మాత్రం ఓనరు దగ్గరే ఉంటుంది. ఆర్కిడ్ 16 అంకెల నంబరు మంచిదే కానీ, అదీ ఏ పేరుతోనైనా ఎవరైనా తీసుకోవచ్చు. అందుకే అందులో ఒక్కో వివరం పక్కన ‘సోర్స్’ చూడండి, యూనివర్సిటీయో జర్నలో చేర్చిందైతే బలం, మనిషి తనే రాసుకున్నదైతే అంత కాదు. అప్పటికీ తేలకపోతే పేపర్ మీద ఉన్న ఈమెయిల్‌కి రెండు ముక్కలు రాసి అడిగేయండి, చాలామంది జవాబిస్తారు.

మారుపేరుతో రాసేవాళ్లందరూ దొంగలు కారు, గైడుతో గొడవ పడుతున్న విద్యార్థికి అసలు పేరుతో రాయడం ప్రమాదం. కానీ 2020లో ఒకటి జరిగింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌నని పేరు చెప్పకుండా రాసే ఒక ట్విట్టర్ అకౌంట్ మనిషి కోవిడ్‌తో పోయారని ఒకావిడ చెప్పారు. జనం ఏడ్చారు, జూమ్‌లో సంతాపసభ పెట్టారు. తీరా చూస్తే అలాంటి మనిషే లేరు, ఆ చావు కబురు చెప్పిన ఆవిడే ఆ అకౌంటూ నడిపారు. అందుకే పేరు అడగక్కర్లేదు, ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు ఆ మనిషిని నిజంగా కలిశారా అని అడగండి. డబ్బు, సంతకాలు, విరాళాల దగ్గరైతే ఇది తప్పనిసరి.

మీ సంగతి: యూనివర్సిటీ పేజీ మీద ఆధారపడకండి, కోర్సు అయిపోయాక దాన్ని తీసేయొచ్చు. చదువుకి వేరే దేశం వెళ్లి, అక్కణ్ణుంచి ఇంకో దేశం మారే మన పిల్లలకి ఇది మరీ అవసరం. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు పెట్టి సొంత డొమైన్ కొనుక్కుని, అందులో మీ అకౌంట్లన్నిటి లింకులూ పెట్టండి. కొన్నరోజే ఆటో రెన్యూవల్ ఆన్ చేయండి, గడువు దాటితే ఇంకెవరో ఆ డొమైన్ కొనుక్కుని మీరైపోతారు.